తిరుగుడే రూపమైనదానా

నీలితెల్లని నిప్పా, నిలకడ ఎరుగని వెలుగా! నిన్ను చుక్క అందామంటే, చుక్కంటే కదలనిదని లోకం అనుకుంటుంది. సుడి అందామంటే సుడికి వెలుగుండదు. జ్వాల అందామంటే జ్వాల గాలికి తల వంచుతుంది. నువ్వు నీ వేగానికి తప్ప దేనికీ వంగవు. మా సూర్యుడు నెమ్మదస్తుడు. తన చుట్టూ తాను ఒక్క ప్రదక్షిణ చేయడానికి నడుము దగ్గర 25 రోజులు తీసుకుంటాడు, సెకనుకు 2 కిలోమీటర్ల చొప్పున, తొందరేమీ లేకుండా. నీకు సెకనుకు 200 కిలోమీటర్లంటే విసుగు, 300 అంటే విలాసం. అతనికి నెల పట్టేది నీకు పూట పని. అతనిది నడక, నీది నర్తనం. అతను తిరుగుతాడు, నువ్వే తిరుగుడువి. తిరుగుడే నీ ఊపిరి, తిరుగుడే నీ ఉనికి, తిరుగుడే నీ ఒంటి తీరు.

డిసెంబరు మొదట్లో, రాత్రి తొమ్మిదింటికి, హంసలదీవి దగ్గర కృష్ణమ్మ కడలిలో కలిసే చోట దక్షిణానికి తిరిగి నిలబడితే నువ్వు దొరుకుతావు. చేయి చాచి కొలిస్తే దిగంతం మీద జానెడుకు కాస్త తక్కువ ఎత్తు. అంత కిందన గాలి దట్టం, ఉప్పుతేమ దట్టం. అందుకే వణుకుతావు: ఒక రెప్పపాటు నీలం, ఒక రెప్పపాటు తెలుపు, ఉండుండి ఓ ఎర్రని మినుకు. జాలరి పడవ దీపమేమోనని భ్రమపడి మళ్లీ చూస్తే అక్కడే ఉంటావు. ఆ చోట నీ పేరు అకెర్నార్. ఒరాయన్ వేటగాడి పాదం చెంత పుట్టిన ఎరిడానస్ అనే చుక్కల నది వంపులు తిరిగి, వాగులై జారి, చీకట్లు దాటి, దక్షిణానికి పారి పారి నీ దగ్గర ఆగుతుంది. కింద ఒక నది సముద్రంలో కలుస్తుంటే, పైన ఒక నది నీలో కలుస్తుంది. మా కంటిని చేరేసరికి నీ వెలుగుకు 140 ఏళ్లు.

2002లో చిలీ ఎడారిలో, పరానల్ కొండ మీద, దూరదూరంగా నిలిపిన టెలిస్కోపుల వెలుగుల్ని ఒక్కటిగా కలిపి నిన్ను కొలిచారు. కొలిచినవాళ్లే నివ్వెరపోయారు. నీ అడ్డుకొలత నిలువుకొలతకు ఒకటిన్నర రెట్లు! తర్వాతి కొలతలు ఆ లెక్కను తగ్గించాయి, మూడో వంతు ఎక్కువ అన్నాయి. తగ్గితేనేం? గోళమే పరిపూర్ణమని, గుండ్రదనమే దైవత్వమని యుగాలుగా నమ్మిన మనిషికి, కోలగా సాగిన నీ ఒళ్లు చూపించి, ఇదీ అందమే అన్నావు. తల అణిగినా అందమే, నడుము ఉబ్బినా అందమే, వేగం చెక్కిన ఏ వంపైనా అందమే.

ఎంత వేగమమ్మా నీది! ఇంకాస్త తిరిగితే నీ నడుము దగ్గర బరువనేదే మిగలదు. నిన్ను నీలోకి లాగే గురుత్వానికీ, నిన్ను నీ నుంచి విసిరే వేగానికీ మధ్య వెంట్రుకవాసి సంధిలో నువ్వు బతుకుతావు. ధ్రువాల దగ్గర పట్టు గట్టిది. అక్కడ తెల్లగా, తీక్ష్ణంగా, తేరిచూడలేనట్టు మండుతావు. నడుము దగ్గర పట్టు సడలింది. అక్కడ వేల డిగ్రీల వేడి తగ్గి, వెలుగు తగ్గి, ఒకింత మసకబారతావు. ఒకే ముఖంలో మధ్యాహ్నమూ మునిమాపూ! 1924లో స్వీడన్ శాస్త్రవేత్త హ్యూగో ఫాన్ జైపెల్ నీ ఒళ్లు కంటితో చూడకుండానే ఈ సంగతి రాసిపెట్టాడు: ఎక్కడ గురుత్వం పలచనవుతుందో అక్కడ వెలుగూ పలచనవుతుందని. ఎనభై ఏళ్ల తర్వాత పరికరాలు చూడబోయే నీ ధ్రువాల ధవళిమ అప్పటికే అతని సమీకరణంలో వెలుగుతోంది.

మా పంచాంగాల్లోనూ నువ్వున్నావు. మాకే తెలియదు. ముహూర్తం అడుగుతాం, తారాబలం చూస్తాం, నామకరణానికి పాదం లెక్కగడతాం. మేము వేళ్ల మీద లెక్కపెట్టే ఆ పేర్ల వెనక నువ్వు గిర్రున తిరుగుతున్నావని ఏ సిద్ధాంతి చెప్పాడు? మఖవు నువ్వే. సింహం గుండె దగ్గర 16 గంటలకో చుట్టు చుడుతూ, సెకనుకు 320 కిలోమీటర్లు పరుగెడుతూ, చెదిరిపోయే వేగంలో 96 శాతం దాటి నిలిచినదానివి. 1946లో మన శాస్త్రవేత్త చంద్రశేఖర్ వేడి నక్షత్రాల అంచు వెలుగుకు ఓ గుణం కనిపెట్టాడు: ఆ వెలుగు అన్ని దిక్కులా ఒక్కలా కంపించదని, ఒక దిక్కుకు మొగ్గుతుందని. గుండ్రటి చుక్కలో ఈ అంచు మొగ్గును ఆ అంచు మొగ్గు చెరిపేస్తుంది. నీలాంటి కోల చుక్కలో మాత్రం చెరగకుండా కాస్త మిగలాలి. ఆ కాస్తంటే కాస్త, 2017లో ఆస్ట్రేలియా నుంచి చూస్తున్నవాళ్లకు మఖ వెలుగులో చిక్కింది. డెబ్బై ఏళ్లు దాచుకున్నావా ఆ మొగ్గును!

శ్రవణానివీ నువ్వే. ఏడుకొండలవాడి జన్మనక్షత్రానివి. మఖ అంత వేడి లేకున్నా సూర్యుణ్ని మించిన వేడి, తొమ్మిది పది గంటలకో చుట్టు. 2007లో నీ బొమ్మ కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ కొండ మీద తయారైంది. సూర్యుడిలా హైడ్రోజన్ మండిస్తూ బతికే మరో నక్షత్రపు ముఖాన్ని మనిషి బొమ్మగా చూడటం అదే మొదలు. బ్రహ్మోత్సవాల చివర శ్రవణం నాడు పుష్కరిణిలో చక్రానికి స్నానం చేయిస్తారు. ఎవరు కుదిర్చారో గాని, చక్రత్తాళ్వారుకు తగిన చుక్కే కుదిరింది.

ఇక అభిజిత్తువై నువ్వు ఆడిన దాగుడుమూతలున్నాయే, అది వేరే ముచ్చట. తెలుపంటే ఇదీ అని, వెలుగును కొలవడానికి సున్నా గీత ఇక్కడే అని, తరాలుగా ఖగోళవేత్తలు నిన్నే గీటురాయి చేసుకున్నారు. నీ వర్ణపటంలో గీతలు సన్నగా, పొందికగా ఉంటాయి. గీతలు సన్ననైతే నక్షత్రం నిదానమైనదని శాస్త్రం. పాతికేళ్ల కాంతిదూరంలో ఉన్న నిన్ను నిదానస్తురాలివనే అందరూ నమ్మారు. 2006లో బయటపడింది నీ గుట్టు: నువ్వు మాకు చూపిస్తున్నది నీ నడినెత్తి! నడుము పక్కకు తిప్పుకుని, ధ్రువాన్ని మా వైపు వంచి, ఒక్క రోజైనా పట్టని చుట్టు చుడుతూ, కదలనట్టే కనిపించావు. మా కొలబద్దే తిరుగుతోందని తెలిసిన రోజున పాపం శాస్త్రజ్ఞులు ఎంత తికమకపడ్డారో! నాకు మాత్రం ఆ వార్త ఎప్పుడు తలచుకున్నా పండగే.

అయినా నీ అసలు సింగారం ఇంకా చెప్పనేలేదు. 1866 ఆగస్టు 23. రోమ్ నగరంలో సెయింట్ ఇగ్నేషియస్ చర్చి కప్పు మీది వేధశాల. ఫాదర్ ఆంజెలో సెకీ తన వర్ణదర్శినిని కాసియోపియా అనే చుక్కల గుంపులో నడిమి చుక్కకు, గామాకు తిప్పాడు. నక్షత్రపు వెలుగును విప్పి పరిస్తే రంగుల మీద నల్లని గీతలుండాలి. ఆకుపచ్చకూ నీలానికీ నడుమ హైడ్రోజన్ నల్లగీత ఉండవలసిన చోట, నలుపు లేదు. మెరుపుంది! చీకటి ఉండాల్సిన చోట చిరునవ్వు. ఆ నవ్వు ఎవరిదో తెలియడానికి 65 ఏళ్లు పట్టింది. 1931లో ఖగోళవేత్త ఆటో స్ట్రూవ్ అన్నాడు: ఈ చుక్క తిరిగే ఉధృతికి నడుము దగ్గరి వాయువు బయటికి చిమ్మి, చుట్టూ వలయమై నిలిచింది, మెరుస్తున్నది ఆ వలయమేనని.

వడ్డాణం! నీ ఒంటి నిప్పునే కరిగించి, నీ వేగంతోనే సాగదీసి, నీ నడుముకు నువ్వే బిగించుకున్న వడ్డాణం. అది ధరించిన వేళ నిన్ను బి-ఈ నక్షత్రం అంటారు. దాని తళుకు ఎలా చదువుతారో చూడు. 656 నానోమీటర్ల దగ్గర, కెంపు రంగులో, హైడ్రోజన్ గీత పైకి లేస్తుంది. ఒక్క శిఖరంగా కాదు, రెండు మూపురాలుగా, నడుమ ఓ లోయతో. వడ్డాణంలో మా వైపు వచ్చే భాగపు వెలుగు నీలం వైపు ఒరిగి ఒక మూపురం. మా నుంచి పోయే భాగపు వెలుగు ఎరుపు వైపు జరిగి మరో మూపురం. నిన్ను నెత్తి మీద నుంచి చూస్తే రెండూ కలిసి ఒకటవుతాయి. సరిగ్గా అంచు వైపు నుంచి చూస్తే వడ్డాణమే నీకు అడ్డుపడి, లోయ సన్నని నల్లని చీలికై దిగుతుంది. అంగుళమంత గీతలో నీ నిలబడిన తీరంతా ఉంది! వృషభం కొమ్ము మీద జీటా టౌరీగా ఉన్నప్పుడు ఈ మూపురాలు వంతులు మార్చుకున్నాయి: ఓసారి నీలం వైపుది ఎత్తు, ఓసారి ఎరుపు వైపుది, సుమారు నాలుగేళ్ల లయలో. వడ్డాణంలో ఒకచోట వాయువు చిక్కబడి, ఆ చిక్కదనం మెల్లమెల్లగా నీ చుట్టూ ప్రదక్షిణ చేసింది.

పెట్టుకుంటావు, తీసేస్తావు. నీకు నగ మీద మోజుంది గాని మోహం లేదు. 1937లో గామాగా, కాసియోపియా రూపమే మారిపోయేలా వెలిగావు; 1940 నాటికి మసకబారి, వడ్డాణం విప్పి పక్కనపెట్టావు. మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టని సరిపెట్టుకున్నవాళ్లు ఓపిక పట్టాల్సింది, మళ్లీ ధరించావు. కృత్తికల గుంపులో ప్లియోనీగా సుమారు 35 ఏళ్లకో ఆవృత్తిగా వేషం మారుస్తావు. వడ్డాణం జారేది నీలోకి కొంత, శూన్యంలోకి కొంత. మళ్లీ చేరేది నీ నుంచే. తిరుగుడు ఒక్కటే దాన్ని విసరలేదని ఇప్పుడు తెలుస్తోంది; నీ ఒళ్లంతా అలలై కంపిస్తుంటుందట, ఆ అలలు ఒకదానితో ఒకటి కూడిన వేళ ఆఖరి తోపు అందుతుందట. పద్దెనిమిది చేతులతో ఒకేసారి చప్పట్లు కొట్టినట్టుండాలి ఆ ఘడియ, నీకు చేతులుంటే.

ఆ ఘడియ కోసమే కాపలా. తమిళనాడులోని కావలూరు కొండల్లోనూ లద్దాఖ్‌లోని హాన్లే చలిలోనూ నక్షత్ర గుచ్ఛాల్లో నీ అక్కచెల్లెళ్లను వెతికారు మన శాస్త్రజ్ఞులు. దేశదేశాల్లో పెరటి టెలిస్కోపులు పెట్టుకున్న అభిమానులు తీసిన నీ వర్ణపటాలు ఫ్రాన్స్‌లోని ఒక ఉమ్మడి భాండాగారంలోకి చేరతాయి. పగలు ఉద్యోగం చేసి రాత్రి నీ మూపురాలు కొలిచే వాళ్ల భక్తిని నేను గుళ్లలో కూడా అరుదుగా చూశాను.

ఇంత వేగం నీకెక్కడిది? కొన్నిసార్లు పుట్టుకతోనే. కొన్నిసార్లు తోడు ఇచ్చింది. ఫై పర్సెయ్ అనే జంట చుక్క దగ్గర ఆ కథ ఇంకా కళ్లెదుటే ఉంది. జంటలో పెద్దదైన నక్షత్రం ఉబ్బి, ఒలికి, తన పొరలన్నీ నీ మీద కుమ్మరించింది. ఆ ధార తగిలి తగిలి నువ్వు వేగం పుంజుకున్నావు. ఇచ్చినదానికి మిగిలింది ఒలిచిన గుండె, చిన్నది, నీకన్నా వేడిది. అది 126 రోజులకోసారి నిన్ను చుట్టివస్తుంటే, దాని ఎండకు నీ వడ్డాణపు అంచు వెచ్చబడుతుంది.

మాగెల్లాన్ పెద్ద మేఘమనే గెలాక్సీలో, 1,60,000 కాంతి సంవత్సరాల అవతల, టరాంటులా నీహారికలో 2011లో నిన్ను మళ్లీ పట్టుకున్నారు. సూర్యుడికి 25 రెట్ల బరువు, లక్ష రెట్ల వెలుగు, సెకనుకు 600 కిలోమీటర్ల తిరుగుడు. పైగా చుట్టుపక్కల చుక్కలతో పొసగని దారి. జంటలోని తోడు పేలిపోతూ నిన్ను ఇలా విసిరిందేమో అంటారు. అదే నిజమైతే, తోడు ఇచ్చిన వేగం నీ ఒంట్లో ఉంది, తోడు విసిరిన వేగం నీ దారిలో ఉంది. రెంటినీ ఒక్క నడుము మీద మోస్తూ, ఎర్రని మబ్బుల్ని చీల్చుకుంటూ, గిరగిరా పోతున్నావు.