గురి ఎక్కడికో యంత్రము ముందే చెప్పగలదా?

మామిడితోటలో కాయలు కోయువాడు పొడవైన గడకు చిక్కము కట్టి చెట్టు క్రింద నిలిచినప్పుడు, బుట్ట పట్టుకొని ప్రక్కనున్న పిల్లవాడు ఒక చిన్న జోస్యము చెప్పగలడు. గడ ఇంకను ఆకులలోనికి పోకముందే, కోయువాని తల ఎటు తిరిగినదో చూచి, ఏ కొమ్మకు గురిపెట్టెనో గ్రహించును. కాని ఆ కొమ్మకు వ్రేలాడు నాలుగు కాయలలో ఏది చిక్కములో పడునో చెప్పుమన్నచో చెప్పలేడు. కొమ్మను ఊహించుట వేరు, కాయను ఊహించుట వేరు. వర్చువల్ రియాలిటీలో మనిషి చేతి గురిని ముందుగా కనిపెట్టుటకు జరిగిన పరిశోధనను అంచనా కట్టునప్పుడు ఈ భేదమును మరువరాదు.

కండ్ల యెదుట చిన్న తెరలు గల హెడ్‌సెట్‌ను తలకు తగిలించుకొన్నచో, చుట్టును ఒక కల్పిత గదియో, తోటయో, ప్రయోగశాలయో కనిపించును. చేతిలోని కంట్రోలర్ నుండి ఒక కాంతికిరణము వెలువడినట్లు అగుపడును. ఆ కిరణమును ఒక వస్తువుపై నిలిపి మీట నొక్కినచో ఆ వస్తువు ఎన్నుకొనబడును. ఈ కిరణము మామిడిగడ వంటిదే. మణికట్టు ఒక్క డిగ్రీ తిరిగినచో, మూడు మీటర్ల దూరమున కిరణపు కొన సుమారు 5 సెంటీమీటర్లు జరిగిపోవును. అందుచేత దూరమున నున్న చిన్న వస్తువుపై గురి నిలుపుట శ్రమతో కూడిన పని. కిరణము గమ్యము చేరకముందే ఆ గమ్యమును యంత్రము ఊహింపగలిగినచో, అచ్చటి దృశ్యమును ముందుగా సిద్ధము చేయవచ్చును. గురి కుదురుటకు తోడ్పడవచ్చును.

చేయి గమ్యమునకు చేరు తీరును శాస్త్రజ్ఞులు శతాబ్దమునకు పైగా పరిశీలించుచున్నారు. 1899లో అమెరికా మనశ్శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్ గురిపెట్టిన కదలికలో రెండు దశలు గలవని చూపెను. మొదట చేయి ఒక్క ఊపున గమ్యమునకు దగ్గరగా పోవును. పిదప కంటితో చూచుకొనుచు, చిన్న చిన్న సవరణలతో గురి కుదుర్చుకొనును. 1954లో పాల్ ఫిట్స్, మనుష్యులచేత రెండు లోహపు పలకలను మొనగల కడ్డీతో మార్చి మార్చి తాకించి, కదలికకు పట్టు కాలమునకు ఒక నియమమును కనుగొనెను. గమ్యము దూరమైనను, దాని వెడల్పు తగ్గినను కాలము పెరుగును. ఆ పెరుగుదల దూరమునకు వెడల్పునకు గల నిష్పత్తి యొక్క లాగరిథమును అనుసరించును. అయితే గమ్యము ఏదో తెలిసినప్పుడు అచ్చటికి చేరుటకు ఎంత కాలము పట్టునో మాత్రమే ఈ నియమము చెప్పును. గమ్యము ఏదో చెప్పదు.

2014లో ఫిలిప్ పాస్కల్, జేకబ్ వోబ్రాక్ అనువారు ఆ రెండవ ప్రశ్నకు ఒక చక్కని ఉపాయము చూపిరి. కంప్యూటరు తెరపై మౌసు బాణము వేగము మొదట పెరిగి, శిఖరము నందుకొని, పిదప తగ్గును. దూరపు గమ్యమునకు పోవునప్పుడు ఆ శిఖరము ఎత్తుగను, దగ్గరి గమ్యమునకు పోవునప్పుడు పొట్టిగను ఉండును. కావున కదలిక ఆరంభములోని వేగరేఖను, పూర్వము నమోదు చేసిన నమూనాలతో పోల్చి, మిక్కిలి పోలిన దానిని ఎన్నుకొన్నచో, ఈ కదలిక ఎంత దూరమున ఆగునో ఊహింపవచ్చును. సగము దారిలో వారి ఊహ సగటున 83 పిక్సెళ్ళ లోపలను, ముప్పాతిక దారిలో 48, 90 శాతము దారిలో 39 పిక్సెళ్ళ లోపలను ఉండెను. తెరపై గమ్యములు ఎచ్చటెచ్చట నున్నవో యంత్రమునకు తెలియనక్కరలేకుండుట ఈ పద్ధతిలోని సుగుణము.

ఈ ఉపాయమును వర్చువల్ రియాలిటీకి విస్తరింపజేసినవారు రారిక్ హెన్రిక్సన్, ఆయన సహపరిశోధకులు. వారి పత్రము 2020లో వెలువడినది. వారు చేర్చిన ముఖ్యాంశము తల. చేయి గమ్యము చేరకముందే కన్నును, తరచుగా దానితోపాటు తలయు గమ్యము వైపు తిరుగును. హెడ్‌సెట్ తల కదలికను ఎట్లును కొలుచుచునే యుండును గనుక ఇందుకు వేరు పరికరము అక్కరలేదు. వారి మొదటి ప్రయోగమున తల కదలిక ఊహకు ముఖ్యమైన ఆధారమని తేలినది. రెండవ ప్రయోగమున వేర్వేరు దూరములు, కోణములు, పరిమాణములు గల గమ్యములతో పద్ధతిని పరీక్షించిరి. కదలిక సగము ముగియునప్పటికి ఊహ సగటున 7.3 డిగ్రీల లోపలను, 90 శాతము ముగియునప్పటికి 3.4 డిగ్రీల లోపలను ఉన్నది. చేతిని మాత్రమే గమనించు పద్ధతికంటె ఇది, 40 శాతము కదలిక వద్ద, 1.8 రెట్లు ఖచ్చితముగా నున్నది. ఇది మెచ్చదగిన పని. అందుబాటులో నుండియు ఉపయోగపడక యున్న ఒక సమాచారమును సరియైన చోట వాడుకొనుటయే దీనిలోని ప్రతిభ.

అయినను ఈ అంకెలు ఏమి చెప్పుచున్నవో నిదానించి చూడవలెను. చేయి చాచి పట్టిన పిడికిలి కంటికి సుమారు 10 డిగ్రీల మేర కనిపించును. 7.3 డిగ్రీలనగా ఆ పిడికిలిలో ముప్పాతిక. మూడు మీటర్ల దూరమున నున్న గోడపై ఇది 38 సెంటీమీటర్లు, 3.4 డిగ్రీలు 18 సెంటీమీటర్లు. గోడపై ఒకే పెద్ద పటము వ్రేలాడుచున్నచో ఇంత ఖచ్చితత్వము చాలును. కాని ఒక అలమరలో పుస్తకములు వరుసగా పేర్చియున్నచో, సగము దారిలో యంత్రము అలమరను చూపగలదే కాని పుస్తకమును చూపలేదు. ఇది కొమ్మను ఊహించుట. కాయను ఊహించుట కాదు.

శాతములను గూర్చియు జాగ్రత్త అవసరము. శాతమును దూరమును బట్టి లెక్కించినచో, 40 డిగ్రీల కదలికలో 90 శాతము ముగియునప్పటికి మిగులునది 4 డిగ్రీలే. అప్పుడు ఏ గణితమును చేయక, కిరణము ఇప్పుడున్న చోటనే ఆగునని చెప్పినవానికిని 4 డిగ్రీల దోషమే కలుగును. సగము వద్ద స్థితి వేరు. ఇంకను 20 డిగ్రీలు మిగిలియుండగా ఏడు డిగ్రీల చేరువకు ఊహించుట నిజమైన సామర్థ్యము. కావున ఈ పద్ధతి విలువ అంకె చిన్నదిగా కనిపించు చివరి భాగములో కాక, అంకె పెద్దదిగా కనిపించు మధ్యభాగములో నున్నది. మరియొక చిక్కు కూడ కలదు. కదలిక సగము ముగిసినదని పరిశోధకునికి తెలియునది, అది పూర్తియైన తరువాత. కదలిక జరుగుచుండగా అది 40 శాతమో, 80 శాతమో యంత్రమునకు తెలియదు. తెలిసినచో గమ్యము తెలిసినట్లే గదా! కావున తన ఊహను ఎప్పుడు నమ్మవలెనో యంత్రమునకు తెలుపు కొలమానము ఊహవలెనే ముఖ్యము.

సగటు అనునది మరియొక విషయమును మరుగుపరచును. మెడనొప్పి గలవారు తల త్రిప్పక కండ్లతోనే చూతురు. చేయి వణకువారి వేగరేఖలో శిఖరము ఒక్కటియై యుండదు. కదలిక మధ్యలో మనస్సు మార్చుకొని వేరొక వస్తువు వైపు మరలువారు ఎల్లప్పుడు ఉందురు. గురిపెట్టుటలో సహాయము ఎక్కువగా కావలసినది ఇట్టివారికే. ఆరోగ్యవంతుల కదలికలతో కూర్చిన నమూనాలు వీరి విషయమున తప్పు త్రోవ పట్టవచ్చును. ఇట్టి పద్ధతిని మెచ్చుకొనుటకు ముందు సగటు దోషముతోపాటు, పెద్ద తప్పులు ఎవరి విషయమున, ఎంత తరచుగా జరిగినవో కూడ అడుగవలెను.

నమూనాలను భద్రపరచుటలోను ఒక ప్రమాదము దాగియున్నది. 2020లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు, 511 మంది హెడ్‌సెట్ ధరించినప్పటి కదలికలను పరిశీలించిరి. ఒక్కొక్కరికి అయిదు నిమిషములకు లోబడిన సమాచారముతోనే యంత్రము వారిలో 95 శాతము మందిని సరిగా గుర్తించినది. తల త్రిప్పు తీరు, చేయి కదల్చు తీరు వ్రేలిముద్రవలె మనిషిని పట్టియిచ్చుననుటకు ఇది నిదర్శనము. గమ్యమును ఊహించుటకై దాచుకొను కదలికలు ఆ జాతికి చెందినవే. కావున అవి ధరించినవాని పరికరములోనే ఉండి, అతడు కోరినప్పుడు తుడిచివేయబడు ఏర్పాటు ఉండవలెను.

ఇంతమాత్రముచేత ఈ పరిశోధన నిరుపయోగమని తలపరాదు. ఊహ తప్పినచో నష్టము స్వల్పమగు పనులకు ఇది చక్కగా తగును. గురి పోవుచున్న ప్రాంతమును ముందుగా స్పష్టముగా చిత్రించి యుంచుట అట్టి పని. ఊహ తప్పినచో కొంత శ్రమ వృథా అగును, అంతే. కాని ఊహను నమ్ముకొని వస్తువును తానే ఎన్నుకొనుట, కిరణమును బలవంతముగా ఒకవైపు లాగుట వేరు. శస్త్రచికిత్సను అభ్యసించు విద్యార్థి చేతిలోని పనిముట్టును యంత్రము అట్లు లాగినచో, అతడు నేర్చుకొనునది తన గురి కాదు, యంత్రపు గురి. బుట్ట పట్టుకొన్న పిల్లవాడు కొమ్మను ఊహించి దాని క్రిందికి జరిగి నిలుచును. గడను మాత్రము తన చేతిలోనికి తీసికొనడు. ఈ యంత్రమునకును ఇప్పటికి అప్పగింపదగినది అంతటి పనియే.