ముందు ఎర్త్ చూడు

మొన్న దుమ్ముగూడెం వైపు నుంచి ఓ రైతు ఫోన్ చేశాడు. వాళ్ల నాయన కొన్న పాత పెట్రోలు ట్రాక్టర్ సెల్ఫ్ కొడితే మూలుగుతోందట. "ఆరు వోల్టులు తీసేసి పన్నెండు పెట్టించమంటున్నారు సారూ" అన్నాడు. నేనేమంటానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు: ముందు ఎర్త్ చూడు.

వెళ్లి చూశాం. ఎర్త్ బిగించిన చోట తుప్పు. సెల్ఫ్ కేబుల్ కొత్తదే గానీ, పన్నెండు వోల్టుల బండికి వేసే సన్నటిది. 60 వాట్ల బల్బు పన్నెండు వోల్టులదైతే 5 ఆంపియర్లు తీసుకుంటుంది, ఆరు వోల్టులదైతే 10 తీసుకుంటుంది. ఇక సెల్ఫ్ లాగేది వందల్లో. సన్న తీగ అంత కరెంటు మోయలేదు; తీగ వేడెక్కుతుంది, ఇంజిన్ మాత్రం తిరగదు. బొటనవేలంత కేబుల్ వేసి, ఎర్త్ దగ్గర ఇనుము మెరిసేదాకా గీకాం. ఒక్కసారికే లేచింది. పాతదాన్ని దాని తీరున బతకనివ్వండని ఈ వారం రాద్దామనుకున్నాను.

తిరిగొస్తుంటే నా రాజ్‌దూత్ గుర్తొచ్చింది. అదీ ఆరు వోల్టులదే. రేజ్ చేస్తే వెలుగు, మలుపులో తగ్గిస్తే దీపం గుడ్డిదయ్యేది. వెలుగు కావాల్సింది మలుపులోనే కదా! ఓ వేసవి తెల్లవారుజామున, చర్ల దారిలో, ఇప్పపూలు ఏరడానికి బయల్దేరిన ఆడవాళ్లు గంపలతో ఎదురుపడ్డారు. మూరెడు దూరంలో ఆగాను. ఒకామె భుజాన చంటిపిల్ల. ఇంజిన్ ఆపేసి చాలాసేపు రోడ్డు పక్కనే కూర్చున్నాను. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ కళ్లముందుంది.

ఈ రైతు రాత్రిపూట దమ్ము చేస్తాడు. చీకటి పడ్డాక మిరప కూలీలను ట్రక్కులో ఇళ్లకు చేరుస్తాడు. పాత డైనమో ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు ఛార్జింగ్ ఇవ్వదు, ఆల్టర్నేటర్ ఇస్తుంది. పైగా అడవి అంచున బ్యాటరీ దిగిపోతే పక్క చేలో ట్రాక్టర్ నుంచి అడిగి తెచ్చుకోవాలి. అవన్నీ పన్నెండువే.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. మార్పించు తమ్ముడూ, అన్నాను. బల్బులన్నీ, కాయిల్, డైనమో మార్చాలి. సెల్ఫ్ పాతదే పనిచేస్తుంది, కానీ ఎక్కువసేపు నొక్కిపట్టకు. అన్నిటికన్నా ముందు ఎర్త్ ఏ వైపో చూడు. 1947–52 నాటి ఫోర్డ్ 8ఎన్ లాంటి పాత బండ్లలో బాడీకి కలిపేది పాజిటివ్. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ కలిపితే లోపలి డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. విప్పిన డైనమోను గుడ్డలో చుట్టి దాచు.

"మరి మనం వేసిన లావు కేబుల్ సారూ?"

"ఉంచు. పన్నెండుకీ అదే మంచిది."