రోజుకో పేజీ రామకోటి

రామకోటి అంటే శ్రీరామ నామాన్ని కోటిసార్లు చేత్తో రాయడం. గుడి ముందు పూజాసామగ్రి కొట్లో కొబ్బరికాయల పక్కన, అగరొత్తుల కట్టల కింద ఈ పుస్తకాలు దొరుకుతాయి. అట్ట మీద సీతారామ పట్టాభిషేకం బొమ్మ, లోపల పేజీ నిండా చిన్న చిన్న గళ్ళు, గడికో నామం. పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి దగ్గర ఉంచి, శ్రీరామనవమినాడో మరో మంచిరోజునో మొదలుపెడతారు. జపం, పూజ, పారాయణం వంటి నిత్యసాధనల మధ్య దీనికొక ప్రత్యేకత ఉంది. చేసినది కంటికి కనిపిస్తుంది, మరునాడు తెరిచి చూసినా అక్కడే ఉంటుంది. రోజువారీ భక్తి మనిషి సంతోషానికి ఏ మేరకు ఆసరా అవుతుందో చూడటానికి ఇంతకంటే వీలైన ఉదాహరణ తెలుగు ఇళ్ళలో దొరకడం కష్టం.

కోటి అని నోటితో అనడం తేలికే. పేజీకి 108 గళ్ళు ఉన్నాయనుకుంటే కోటి నామాలకు 92,593 పేజీలు కావాలి. 200 పేజీల పుస్తకాలైతే 463. నామానికి నాలుగు సెకన్లు పడుతుందనుకుంటే గంటకు 900 అవుతాయి. రోజూ గంటసేపు, ఒక్కరోజు కూడా మానకుండా కూర్చున్నా 30 ఏళ్ళు దాటుతుంది. ఇంటిపనికీ ఉద్యోగానికీ మధ్య దొరికిన ఇరవై నిమిషాల్లో 300 రాసుకునేవారికైతే 91 ఏళ్ళు కావాలి. కాబట్టి ఒంటరిగా రామకోటి మొదలుపెట్టినవారిలో చాలామందికి అది పూర్తికాదు. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. త్యాగరాజస్వామి (1767–1847) 21 ఏళ్ళలో 96 కోట్ల రామనామ జపం చేశారని సంప్రదాయం చెబుతుంది. లెక్కవేస్తే అది రోజుకు సుమారు లక్షా పాతికవేలు. సంసారం ఈదుతున్నవారికి అందే అంకె కాదది.

అందుకే పెద్ద సంఖ్యను మనిషి చేతికి అందేలా చిన్నది చేసుకునే ఏర్పాట్లు చాలాచోట్ల ఉన్నాయి. కాశీలోని రామ రమాపతి బ్యాంకులో లక్షా పాతికవేల నామాలను 8 నెలల 10 రోజుల్లో రాసి తిరిగి అప్పగించే పద్ధతి ఉంది. అంటే రోజుకు 500. మన ఇళ్ళలో లక్ష దగ్గర ఆగేవారున్నారు, ఇంటిల్లిపాదీ తలా కొంత పంచుకునేవారున్నారు. రోజుకు 300 చొప్పున లక్ష నామాలు పదకొండు నెలల పని. ఉగాదికి మొదలుపెట్టినవాళ్ళు మాఘమాసం దాటేసరికి ముగిస్తారు. ఆసరాగా నిలిచేది కోటి అన్న అంకె కాదు, ఆ రోజు వంతుగా పెట్టుకున్న పేజీ.

రాసే తీరు ఇంటింటికీ మారినా పెద్దలు చెప్పే నియమాలు దాదాపు ఒకటే. స్నానం చేసి కూర్చోవాలి, రాస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, మనసులోనైనా నామం పలుకుతూ రాయాలి, మొదలుపెట్టిన వరుస పూర్తయ్యేదాకా లేవకూడదు. మైల రోజుల్లో పుస్తకం ముట్టరు. తెల్లవారుజామున పాలవాడు రాకముందే కూర్చునేవారున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇల్లు సద్దుమణిగాక రాసుకునేవారూ ఉన్నారు. కళ్ళజోడు, పుస్తకం, పెన్ను ఒకే సంచిలో పెట్టుకుని ఊరెళ్ళినా వెంట తీసుకెళ్తారు. మనవడిని చూసుకోవడానికి ఆరు నెలలు అమెరికా వెళ్ళే అమ్మమ్మల పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి పొట్లాలతో పాటు రామకోటి పుస్తకాలూ విమానం ఎక్కుతాయి. కొడుకూ కోడలూ పనులకు వెళ్ళాక, తెలిసిన భాష వినపడని ఆ వీధిలో, పగలు గడవడమే పెద్ద పని. అలాంటి చోట ఈ గళ్ళ పుస్తకం చేసే మేలు సొంత ఊళ్ళో ఉన్నవారికి పూర్తిగా తెలియకపోవచ్చు.

కూర్చున్న మొదటి రెండు మూడు వరుసలు సాధారణంగా రాముడివి కావు. చేయి శ్రీరామ అని రాస్తుంటే మనసు గ్యాసు బండ దగ్గర, నిన్న ఆడపడుచు అన్న మాట దగ్గర, రావలసిన బాకీ దగ్గర తిరుగుతుంటుంది. జపమాల తిప్పేటప్పుడు మనసు ఎక్కడికి పోయిందో పూసల మీద ఆనవాలు మిగలదు. పుస్తకంలో మిగులుతుంది. ధ్యాస తప్పినచోట శ్రీకి గుడిదీర్ఘం ఎగిరిపోయి ఒట్టి గుడి ఉంటుంది, "మ" కొమ్ము పక్క గడిలోకి పొడుచుకుపోతుంది, ఒక్కోసారి ఒక గడి ఖాళీగా ఉండిపోతుంది. పేజీ ముగిశాక వెనక్కి చూసుకుంటే ఆ రోజు మనసు ఎక్కడ కుదురుగా ఉందో, ఎక్కడ లేదో అక్షరాలే చెబుతాయి. అనుభవమున్నవారు దాని మీద చింతపడరు. ఖాళీ గడి నింపి తర్వాతి గడిలోకి వెళ్తారు. తనను తాను తిట్టుకోకుండా తిరిగి పనిలోకి రావడం ఒక అలవాటు. అది రోజూ కొంచెంకొంచెంగా పట్టుబడుతుంది, పుస్తకం మూశాక కూడా అక్కరకొస్తుంది. ఒకే బాధను నమిలి నమిలి పెద్దది చేసుకునే గుణానికి ఇదొక అడ్డుకట్ట.

దీంట్లో అడ్డదారులూ లేకపోలేదు. ముందు గళ్ళన్నిటిలో "శ్రీ" నిలువుగా రాసుకుంటూ పోయి, ఆ తర్వాత "రా", చివర "మ" పెట్టడం వాటిలో ఒకటి. బళ్ళో ఇంపోజిషన్ రాసే పిల్లలు కనిపెట్టిన కిటుకే ఇది. పేజీ త్వరగా నిండుతుంది కానీ అందులో నామం ఒక్కసారి కూడా పలకదు. పెద్దవాళ్ళు దీన్ని ఒప్పుకోకపోతే ఛాదస్తం అనిపిస్తుంది గానీ వాళ్ళ మాటలో పట్టు ఉంది. చేతి కదలిక ఒక్కటే ప్రశాంతత ఇచ్చేదైతే వందసార్లు ఇంపోజిషన్ రాసిన పిల్లలందరూ ప్రశాంతంగా ఇంటికి వెళ్ళేవారు. కాగితం ఒకటే, పెన్ను ఒకటే, పదేపదే రాయడమూ ఒకటే. ఒకటి శిక్ష, ఒకటి శరణు. రాసే మాట ఎవరిని ఉద్దేశించినదో, ఆ అవతలివాడు తనవాడని రాసేవారికి ఎంత నమ్మకమో, తేడా అంతా అక్కడుంది. భక్తిని ఒత్తిడి తగ్గించే చిట్కాగా మాత్రమే చూపించే పుస్తకాలు సరిగ్గా ఈ నమ్మకాన్నే పక్కన పెట్టేస్తాయి.

శరీరం మీద నామజపం ప్రభావాన్ని కొలిచినవారున్నారు. ఇటలీకి చెందిన లుసియానో బెర్నార్డీ బృందం 23 మంది ఆరోగ్యవంతులతో క్రైస్తవుల జపమాల ప్రార్థననూ, "ఓం మణి పద్మే ఓం" మంత్రాన్నీ పలికించి, ఫలితాలను 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకు నెమ్మదించింది, గుండె లయలోనూ రక్తపోటులోనూ దానికి అనుగుణమైన మార్పు కనిపించింది. రెండు వేర్వేరు మతాల ప్రార్థనలు ఒకే శ్వాసవేగం దగ్గరికి చేరడం గమనించదగ్గ విషయం. అయితే అది పైకి పలికిన మంత్రం మీద జరిగిన పరిశోధన. నిశ్శబ్దంగా రాసే నామానికి దాన్ని యథాతథంగా అన్వయించకూడదు. నామాన్ని మనసులోనే కాక పెదవి కదుపుతూ, పలుకుతూ రాసేవారు మాత్రం దానికి కొంత దగ్గరగా వస్తారు.

సంతోషం విషయంలో పరిశోధనలు అంత సులువుగా అవునని చెప్పవు. చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అమెరికాలో జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. తరచుగా ప్రార్థనా మందిరానికి వెళ్ళేవారు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు అందులో తేలింది. దానికి వారు చూపిన ప్రధాన కారణం అక్కడ ఏర్పడిన స్నేహాలు. ఒంటరిగా ఇంట్లో చేసే ప్రార్థనకు అంత స్పష్టమైన సంబంధం కనిపించలేదు. ఎడ్ డీనర్, లూయిస్ టే, డేవిడ్ మయర్స్ 2011లో అనేక దేశాల సర్వే సమాచారాన్ని పరిశీలించారు. బతుకు కష్టంగా ఉన్న చోట్ల భక్తిపరులు మిగతావారికంటే సంతోషంగా ఉన్నారనీ, సౌకర్యాలున్న దేశాల్లో ఆ తేడా పెద్దగా లేదనీ చెప్పారు. కష్టంలో ఉన్నవాడికి దేవుడు ఎక్కువ గుర్తొస్తాడని మనవాళ్ళు ఏనాడో అనుకున్నదే. గుర్తొచ్చినందువల్ల మేలు కూడా జరుగుతుందన్నది ఇందులో అదనపు మాట.

స్నేహాల గురించి లిమ్, పుట్నం చెప్పిన మాటను రామకోటికి పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఇది పైకి ఒంటరి సాధన, లోపల అంత ఒంటరిది కాదు. ఆలయ మండపంలో సాయంత్రం నలుగురు చేరినచోట ఎవరు ఎన్ని పుస్తకాలు పూర్తిచేశారన్న కబురు సాగుతుంది. ఒకరి పెన్నులో రీఫిల్ అయిపోతే ఇంకొకరు ఇస్తారు. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయినవారి వంతు పక్కింటివారు రాసిపెడతారు. నవమి పందిట్లో పానకం, వడపప్పు పంచేటప్పుడు పుస్తకాలు పళ్ళెంలో పెట్టి అందరికీ చూపిస్తారు. నిండినవాటిని భద్రాచలం చేర్చడానికి బస్సు మాట్లాడుకుని వెళ్తారు. ఇవేవీ లేకుండా, తలుపులు వేసుకుని, ఎవరితోనూ కలవకుండా ఉండటానికి రామకోటిని సాకుగా చేసుకున్నవారికి పేజీలు నిండినంతగా మనసు నిండకపోవచ్చు. "కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చో" అని వయసు మళ్ళినవారిని కుటుంబ వ్యవహారాల నుంచి తప్పించడానికి ఈ పుస్తకం చేతికిచ్చే ఇళ్ళూ ఉన్నాయి. అది భక్తి నేర్పడం కాదు, పొమ్మనకుండా పొగపెట్టడమే.

నమ్మకం అపకారం చేసే సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిని దాచితే విషయం సగమే చెప్పినట్టు. అమెరికాలో కెనెత్ పార్గమెంట్ బృందం వృద్ధ రోగులను రెండేళ్ళు గమనించి 2001లో ఒక పరిశోధన ప్రచురించింది. దేవుడు తమను వదిలేశాడనీ, తమ మీద ఆయనకు ప్రేమ లేదనీ కుమిలిపోయినవారిలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. మన ఇళ్ళలో దీని రూపం వేరు. రామకోటి మధ్యలో ఆగిపోయింది, ఆ తర్వాత ఇంట్లో ఎవరికో జబ్బు చేసింది. "నువ్వు ఆపబట్టే" అని ఎవరో అంటారు, లేదా ఎవరూ అనకపోయినా రాసినవారే అలా అనుకుంటారు. కోటి పూర్తయితే కోరిక తీరుతుందని మొదలుపెట్టినవారి స్థితీ అంతే. అబ్బాయికి ఉద్యోగం రాకపోతే ఇటు ఉద్యోగమూ లేదు, అటు రాముడి మీద నమ్మకమూ సడలుతుంది. బేరంగా మొదలైన సాధన బేరం కుదరనప్పుడు బరువవుతుంది. నెలల తరబడి నిద్ర పట్టక, అన్నం సహించక, దేని మీదా మనసు పోని స్థితి వస్తే అది వైద్యుడికి చూపించాల్సిన జబ్బు. పుస్తకం పక్కన మందు ఉండటం భక్తికి లోటు కాదు.

సాధన బరువయ్యే ఈ చిక్కుకు మన సంప్రదాయంలోనే ఒక విరుగుడు ఉంది. భద్రాచల రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు. భద్రాచలంలో గుడి కట్టించిన సొమ్ము విషయంలో గోల్కొండ సుల్తాను తానాషా కాలంలో అక్కడి చెరసాలలో ఉన్నాడు. ఇప్పటికీ అక్కడికి వెళ్ళినవారికి ఆయన ఉన్న గది చూపిస్తారు. చెరలో ఆయన పాడినట్టు చెప్పుకునే కీర్తనల్లో ఒకదాని నిండా దెప్పిపొడుపే. ఏ నగకు ఎంత ఖర్చు పెట్టాడో ఒక్కొక్కటీ లెక్కచెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. చివరికొచ్చేసరికి దెబ్బల బాధకు తిట్టానని, మనసులో పెట్టుకోవద్దని బతిమాలుకుంటాడు. పార్గమెంట్ చెప్పిన కుమిలిపోవడానికీ దీనికీ చాలా దూరం. అక్కడ రోగి దేవుడు వెళ్ళిపోయాడనుకుంటాడు. ఇక్కడ దాసు ఎదురుగా నిలబెట్టుకుని పోట్లాడుతున్నాడు. రోజూ మూడు వందలసార్లు పేరు రాసేవారికి ఆ పాటి చనువు ఉండటంలో తప్పులేదు. కోపం వచ్చిన రోజు కూడా ఆ కోపంతోనే పేజీ రాసేవారు, అపరాధభావంతో వణుకుతూ రాసేవారికంటే కుదురుగా కనిపిస్తారు.

పూర్తయిన పుస్తకాలకు పూజ చేసి భద్రాచలంలోనో, దగ్గరి రామాలయంలోనో సమర్పిస్తారు. కొన్ని ఊళ్ళలో వీటిని భద్రపరచి పైన స్తూపం కడతారు, కొన్నిచోట్ల కొత్త గుడి పునాదిలో ఉంచుతారు. లక్ష పూర్తిచేసినవారు మరునాడు ఆ వేళకు ఏం చేయాలో తోచక కొత్త పుస్తకం తెచ్చుకోవడం మామూలే. సగంలో ఉండగా రాసేవారు పోతే ఇళ్ళలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. కొందరు మిగిలిన గళ్ళను పిల్లలచేత నింపించి సమర్పిస్తారు. కొందరు ఆ చేతిరాత ఎక్కడ ఆగిందో అక్కడే వదిలి, ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో ఉంచి, తమ పేరుతో వేరేది మొదలుపెడతారు.