ఆర్డరులో లేని షరతులు

ఆఫర్ లెటర్‌ను చివరిదాకా చదివేవాళ్లు తక్కువ. జీతం ఎంత, ఎప్పుడు చేరాలి, నోటీసు పీరియడ్ ఎన్నాళ్లు అని చూసుకుని సంతకం పెట్టేస్తారు. ఇంటర్వ్యూ గదిలో విన్న మాటలు మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటాయి. 'రెండేళ్లలో టీమ్ లీడ్‌వి అవుతావు', 'మా దగ్గర పనిలో పడితే నేర్చుకోవడానికి కొదవుండదు'. మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలో చాలాకాలంగా ఉన్నాను. నా దాకా వచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం ఇలాంటి మాటల గురించే.

ఈ మాటల సంగతే పట్టుకుని దశాబ్దాలపాటు పరిశోధన చేశారు డెనిస్ రూసో. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. ఇలాంటి మాటల మీద నిలిచే, కాగితం మీద లేని ఒప్పందాన్ని సైకలాజికల్ కాంట్రాక్ట్ అంటారు. ఆ ఆలోచన ఆమెతో మొదలు కాలేదు. 1960లోనే క్రిస్ ఆర్గిరిస్ ఫోర్‌మెన్‌కూ కార్మికులకూ మధ్య పైకి చెప్పుకోని ఒప్పందం ఒకటి నడుస్తుందని రాశారు. రూసో 1989లో దాన్ని ఇంకోవైపు నుంచి చూశారు. ఆ ఒప్పందం ఉద్యోగి నమ్మకంలో ఉంటుంది, నేనింత చేస్తాను, బదులుగా సంస్థ నాకింత చేస్తుంది అని. అవతలి పక్షం కూడా అలాగే అనుకుంటోందన్న హామీ ఏమీ లేదు.

1994లో శాండ్రా రాబిన్సన్‌తో కలిసి ఆమె ప్రచురించిన అధ్యయనం నాకు బాగా నచ్చుతుంది. ఎంబీఏ పూర్తిచేసినవాళ్లను ఉద్యోగంలో చేరబోయే ముందు ఒకసారి, రెండేళ్ల తర్వాత మరోసారి అడిగారు. సంస్థ ఇచ్చిన మాట తప్పిందని సగానికి పైగా మంది చెప్పారు. శిక్షణ, జీతభత్యాలు, ప్రమోషన్ విషయంలోనే ఎక్కువ.

శిక్షణ ముందు వరసలో ఉండటం ఆలోచించదగ్గదే. జీతం తగ్గితే కాగితం చూపించి అడగొచ్చు. నేర్పిస్తామన్నది నేర్పకపోతే ఏం చూపిస్తారు?

రూసోతో నాకొక పేచీ ఉంది. నమ్మకం ఉద్యోగి మనసులో ఉంటుందనగానే 'మేమెప్పుడన్నాం, నువ్వే అలా అనుకున్నావు' అని తప్పుకోవడం యాజమాన్యానికి సులువవుతుంది. నిజానికి ఆమె చెప్పింది అది కాదు. సంస్థ చాలా నోళ్లతో మాట్లాడుతుందని కూడా ఆమే చెప్పారు. రిక్రూటర్ ఒకటంటాడు, మేనేజరు ఒకటంటాడు, సీనియర్లకు దక్కినవి చూసి కొత్తవాళ్లు మరొకటి ఆశిస్తారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో అయితే మాట ఇచ్చినవాడు ఏడాది తిరక్కుండానే వేరే కంపెనీలో తేలతాడు. మాట మాత్రం ఇక్కడే ఉండిపోతుంది.

అభ్యర్థులేమీ తక్కువ తినలేదు. చేరతానని నాలుగు చోట్ల ఒప్పుకుని, చేరే రోజున మూడు చోట్ల ఫోన్ ఎత్తనివాళ్లు నాకు బాగా తెలుసు.

ఇంటర్వ్యూ ముగిశాక మేం ఏమేం చెప్పామో అరపేజీలో రాసి ఫైల్లో పెట్టడం నా అలవాటు. మేనేజరు మారినప్పుడు ఆ అరపేజీ కొత్తాయన చేతికిస్తాను. లీగల్ వాళ్లకు ఇది సుతరామూ ఇష్టం లేదు, రాస్తే రుజువవుతుందని. ఒక కొత్త మేనేజరు మొన్న తన టీమ్‌లోని ఒక అమ్మాయికి సంబంధించిన అరపేజీ చూసి, "ఇవన్నీ అన్నవాడు వెళ్లిపోయాడు కదా సార్, నేనెందుకు మొయ్యాలి?" అన్నాడు.

"ఆయన అన్నది సొంతానికి కాదు, కంపెనీ తరఫున," అన్నాను. ఆ అమ్మాయికి ఇస్తామన్న ట్రైనింగ్ ఇంకా మొదలుకాలేదు.