రౌటర్‌కి యాప్ తాళం

మీట ఉండాల్సిన చోట మీటే ఉండాలన్నది ఈ కాలమ్ పాత పాటే. ఈ వారం మళ్లీ ఎత్తుకోవడానికి కారణం, యాప్ లేనిదే కదలని రౌటర్లు. మామూలు రౌటర్ లోపలే చిన్న వెబ్ పేజీ ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 లాంటి అంకె కొడితే అది తెరుచుకుంటుంది. కేబుల్ కుర్రాడొచ్చి నెట్ కనెక్షన్‌కి కావాల్సిన పీపీపీవోఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి, వైఫైకి పేరు పెట్టి వెళ్లేది అక్కడే. దానికి ఖాతా అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. గూగుల్ వైఫై, అమెజాన్ ఈరో లాంటి వాటిలో ఆ దారి మూసేశారు. సెట్టింగులు మార్చాలంటే యాప్ వేసుకోవాలి, ఖాతా తెరవాలి. నెట్ ఆగినప్పుడే కదా జనం రౌటర్ జోలికి వెళ్లేది! సెల్ సిగ్నల్ అందని ఇంట్లో సరిగ్గా అప్పుడే లాగిన్ అడిగితే ఏం చేయాలి?

భద్రత కోసమే ఇదంతా అంటారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, రౌటర్లలోకి దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. కానీ తప్పు వెబ్ పేజీది కాదు, అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడానిది. ఒక్కో రౌటర్‌కి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి అడుగున స్టిక్కర్ మీద అచ్చువేస్తే ఆ బెడద తీరిపోతుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం అలాంటి ఉమ్మడి పాస్‌వర్డ్‌లను నిషేధించింది. యాప్ పెట్టమని మాత్రం అనలేదు.

మరి ఇంట్లో ఉన్నది ఫోన్ ఒక్కటే అయిన వాళ్ల సంగతి? కంప్యూటర్ లేకుండానే ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో. వెబ్ పేజీ ఫోన్ బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది, నిజమే. కానీ అందులోని ఇంగ్లిష్ పొట్టి మాటలు చూస్తే చదువుకున్నవాళ్లే జంకుతారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెలుగులో దారి చూపే యాప్ ఉంటే వాళ్లకు నిజంగా మేలు. కాబట్టి నా తగువు యాప్‌తో కాదు. ఒకే గదిలో ఉన్న ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ పెత్తనం చేయడంతో. ఉదాహరణకు, ఇంటి పరికరాలను నడిపే రివాల్వ్ హబ్ ధర దాదాపు 300 డాలర్లు ఉండేది. దాన్ని తయారుచేసిన కంపెనీని నెస్ట్ అనే సంస్థ 2014లో కొని, 2016 మేలో సర్వర్ ఆపేసింది. చెక్కుచెదరని హబ్‌లు దాంతో మూగబోయాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో ముందే చెప్పాలని ఆ బ్రిటన్ చట్టమే అంటోంది. మన పెట్టెల మీద వారంటీ పక్కన ఇంకో రెండు ముక్కలు కూడా అచ్చువేయించాలి: ఖాతా లేకుండా ఇది పనిచేస్తుందా, సర్వర్‌ని ఏ ఏడాది దాకా నడుపుతారు. ఆ రెండూ చెప్పని రౌటర్‌కి పూర్తి ధర ఇవ్వడానికి నాకైతే మనసొప్పదు.