కాజీపల్లిలో ప్రపంచచరిత్ర

ప్రపంచచరిత్ర యనగానే సంవత్సరములను, సంధులను కంఠస్థము చేయించు ఆచారము మన బడులలో బలపడియున్నది. కాని మందుల ఫ్యాక్టరీల నడుమ పెరుగుచున్న కాజీపల్లి పిల్లలకు, తమ తండ్రులు షిఫ్టునకు పోవు చోటికి ఆ చరిత్ర ఏ దారిని వచ్చినదో తెలుపు పాఠమును ఉపాధ్యాయుడే వ్రాసికొనవలెను.

నేను వ్రాసికొన్న మొదటి పుట 1928లో లండను ఆసుపత్రియందు ఫ్లెమింగు బూజులో పెనిసిలిన్‌ను గుర్తించుటతో ఆరంభమగును. రెండవ పుటలో 1961లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధసంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాహాయ్యముతో హైదరాబాదు బాలానగరున వెలసిన దాని కర్మాగారము, మందునకు గాక దానిని చేయు విధానమునకు మాత్రమే హక్కు నిచ్చి, అదే మందును వేరొక మార్గమున చేయువారికి ద్వారము తెరచిన 1970 నాటి పేటెంట్ల చట్టము, ఐడీపీఎల్‌లో పనిచేసి పిమ్మట స్వంత సంస్థ స్థాపించిన అంజిరెడ్డి వచ్చుదురు. ప్రతి పుటను పిల్లలు బిగ్గరగా చదివి, తెలియని మాట క్రింద గీత గీచి, అంచున ఒక ప్రశ్న వ్రాయవలెను. స్వయముగా చదువజాలని పిల్లవానికి చరిత్ర వినికిడిగానే మిగులును గనుక, చదువు నేర్పుటయు చరిత్ర చెప్పుటయు నాకు ఒకే పని.

మూడవ పుట కఠినమైనది. చాలని మోతాదులో వాడినచో క్రిములు మందునకు లొంగకపోవునని 1945 నాటి నోబెల్ ఉపన్యాసమున ఫ్లెమింగు చేసిన హెచ్చరికను, మా చేరువనున్న పటాన్‌చెరులో శుద్ధిచేసి విడిచిన వ్యర్థజలమందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను క్రిమినాశక ఔషధము కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన విషయమును ప్రక్కప్రక్కన నుంచితిని. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు, ఎవరికొరకు అని అడుగుదును. "ఫ్యాక్టరీ మూసేస్తే మా నాయన పనేమైతది సార్?" అని ఒక బాలిక అంచున వ్రాసినది. దానికి తొందరపడి ఉత్తరము చెప్పుట ఆ ప్రశ్నను అవమానించుటయే; కనుక తరగతి యంతయు దానినే తిరిగి చదివినది.

ఇట్టి పాఠమునకు నాకు పూర్వాదర్శము కలదు. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి తన ప్రథమ గ్రంథముగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రను ప్రకటించినది. దూరదేశపు చరిత్రను తెలుగున చదివినవాడు తన దేశమును వేరు కన్నులతో చూచునని వారు విశ్వసించిరని నా తలంపు. ఆ విశ్వాసమే నాకును ఆధారము.

నాలుగవ పుట ఇంకను వ్రాయలేదు. పనికొరకు బీహారు, ఒడిశాలనుండి వచ్చిన కుటుంబముల పిల్లలు తెలుగును కూడబలుకుకొని చదువుచున్నారు. వలసను గూర్చిన ఆ పుటను, తలిదండ్రులను వారి యింటిభాషలో అడిగి తెలిసికొని, ఆ పిల్లలే తెలుగున వ్రాయుదురు, నేను దిద్దుదును.