నోటికి వచ్చే పాస్‌వర్డ్

పాస్‌వర్డ్ సొంతదారు నోటికి రావాలి, పరాయివాడి ఊహకు అందకూడదు. ఈ రెండూ ఒకచోట కుదరడమే కష్టం. కొండారెడ్డి బురుజు, గండికోట కర్నూలు, కడప సీమలో అందరి నోళ్లలో నానే పేర్లు. పక్కన 123 తగిలించినంత మాత్రాన వాటికి బలం రాదు. పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు ముందు పట్టేది ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు, వాటి వెనక తగిలించే అంకెలనే. రాగిసంగటి, నాటుకోడి కలిపినా అంతే. ఒకటి అనగానే రెండోది నాలుక మీదికి వచ్చేస్తుంది.

అందుకే మాటలను మనసు ఎంచకూడదు, పాచికలు ఎంచాలి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ తయారుచేసిన డైస్‌వేర్ పద్ధతి ఇదే. 7,776 మాటల పట్టిక, ఒక్కో మాటకు ఐదు పాచికలు. తెలుగులో అంత పట్టిక రాయడం పెద్ద పని గానీ, 216 మాటలైతే ఒక సాయంత్రం పని. మూడు పాచికలు సరిపోతాయి. చేట, కానుగ, దూలం, మబ్బు, గొర్రు లాంటి పొట్టి మాటలు మేలు. ఆరు మాటలు తీస్తే వంద లక్షల కోట్లకు పైగా కలయికలు. పట్టిక దొంగ చేతికి చిక్కినా ఆ లెక్క తగ్గదు. నాలుగైదు తప్పులకే తలుపు మూసే ఖాతాలకు ఇది చాలు. పాస్‌వర్డ్ మేనేజరుకు మాత్రం పది తీయాలి. డైస్‌వేర్ ఆరు మాటల బలం అప్పుడొస్తుంది. గొర్రు, మబ్బు, చేట వరుసగా పడితే, మబ్బులో గొర్రు తోలి చేటతో వాన చెరిగినట్టు ఊహించుకుంటే మరిచిపోరు.

చిక్కంతా టైపు దగ్గరే. ఇంగ్లిషు అక్షరాల్లో కడప 2005 దాకా అధికారికంగా 'సీ'తో మొదలై 'హెచ్'తో ముగిసేది. ఇప్పుడు 'కే'తో మొదలవుతోంది. దూలంలో దీర్ఘానికి 'ఓ' రెండుసార్లా, 'యూ' ఒకసారా? ఏదో ఒకటి మొదటి రోజే ఖాయం చేసుకోవాలి.

ఏటీఎం పిన్‌కు మాటలు పనికిరావు, అంకెలే కావాలి. అక్కడ అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతి ఆదుకుంటుంది. కర్ణాటక సంగీతంలో మేచకల్యాణి 65వ మేళకర్త రాగం అని పేరులోనే దాచిన లెక్క అది. క, ట, ప, య ఒకటి, ర రెండు, స ఏడు, జ ఎనిమిది. సంప్రదాయంలో అంకెలను వెనకనుంచి చదువుతారు, పిన్‌కు ముందునుంచే చదువుకోవచ్చు. చీట్లు తీస్తే 7821 వచ్చిందనుకుంటే, అది సజ్జరొట్టె. అంకె ముందు పడాలి, మాట తర్వాత వెతకాలి. ఇష్టమైన మాట నుంచి అంకె తీస్తే మళ్లీ బురుజు దగ్గరికే వచ్చినట్టు. అచ్చులో వచ్చింది కాబట్టి సజ్జరొట్టె కూడా ఇక ఎవరికీ పనికిరాదు.